పూర్వులను వెదకుట

విద్యావంతుల గృహములలో నీ నడుమ నొక క్రొత్త యభిరుచి ప్రబలుచున్నది. తాతముత్తాతల పేర్లు సేకరించి, వాని నొక వృక్షముగ జిత్రింపించి, నడవలో దగిలించుకొనుచున్నారు. కొందఱు శాసన సంపుటములు తిరుగవేయుదురు. కొందఱు పాత కరణముల యిండ్ల యటుకలపై దుమ్ము దులుపుదురు. మఱికొందఱు తమ యుమ్మిని గొట్టమున బోసి పరీక్షాలయములకు బంపి, తమ శరీరమున నేయే జాతుల పాలు ఎంతెంత యున్నదో లెక్క దెప్పించుకొందురు. దీని నంతయు వట్టి డంబమని త్రోసివేయుట సులభమే గాని న్యాయము కాదు. తన్ను గన్నవారిని గన్నవా రెవ్వరని యడుగుట మనుష్యునకు సహజము. కాబట్టి వెదకవచ్చునా యన్నది మా ప్రశ్న కాదు. వెదకగా దొరకినదానిలో దేనిని వ్రాయవలెను, దేనిని దాచవచ్చును, దొరకినదాని వలన మనకు సంక్రమించునది హక్కా, బాధ్యతయా — ఇదియే మా ప్రశ్న.

మనవారికి పూర్వుల స్మరణ క్రొత్త కాదు. శ్రాద్ధమునందు తండ్రి, తాత, ముత్తాత అను మువ్వురను వసు రుద్రాదిత్య రూపులుగ దలచి పేరుపేరున పిండము లిడుదురు. అంతకు బైనున్న మువ్వురు లేపభాజులు. పిండ మిడిన చేతి కంటుకొన్న మెతుకులే వారి భాగము. వారికి బేరు చెప్పుట లేదు. అటుపై ప్రవర చెప్పునపుడు మాత్ర మొక్క గంతున ఋషుల దగ్గఱకు బోవుదురు. ముత్తాత యెవరో తెలియును. మూలఋషి యెవరో తెలియును. ఆ నడుమ గడచిన తరములు చీకటి. ఎండలో నాగలి పట్టినవారు, కఱవునకు వెఱచి యూరు విడిచినవారు, తప్పుడు దస్తావేజు పుట్టించినవారు, మశూచికమున బిడ్డలను బోగొట్టుకొని మరల గన్నవారు — మనలను నిజముగ గన్నవారందఱు ఆ చీకటిలోనే యున్నారు. ఋషిని జెప్పుకొనుట కష్టము కాదు. ఆయన మన నేమియు నడుగడు. నడుమనున్నవారే యడుగుదురు.

స్త్రీల గతి మఱియు విచిత్రము. శ్రాద్ధమున తల్లిని, నాయనమ్మను, ముత్తవను స్మరింపకపోలేదు. కాని వారు భర్తల గోత్రముతోనే స్మరింపబడుదురు. వారు పుట్టిన యూరేది, పుట్టినింటిపేరేది యన్న, గోడమీద వృక్షము తగిలించినవారిలో బెక్కండ్రు నోరు తెఱచి చూతురు. ఒక తరగతిలోని పిల్లలను మీ తల్లి తల్లికి దల్లి పేరేమని మే మొకమా రడిగితిమి. చేయి యెత్తినవారు ముగ్గురు. తండ్రి తాత పేరు చెప్పుటకు ముప్పదిమంది లేచిరి. వృక్షమని పేరు పెట్టి సగము వేళ్లు నఱికిన దానిని వృక్షమనవచ్చునా?

మేము లెక్కల యుపాధ్యాయులము కాకున్నను ఇచట గొంత లెక్క చూపక తప్పదు. ఒక్కొక్కనికి దలిదండ్రు లిద్దఱు, వారి తలిదండ్రులు నలుగురు, వారి తలిదండ్రు లెనమండ్రు. ఇట్లు పది తరములు పైకి బోయిన 1,024 మంది. తరమునకు 25 ఏండ్లు వేసికొన్నచో ఇరువది తరములకు శ్రీకృష్ణదేవరాయల కాలము చేరుదుము. అప్పటికి మన పూర్వుల స్థానములు 10,48,576. ముప్పది తరములకు తిక్కన సోమయాజి కాలము. అప్పటికి నూటయేడు కోట్లకు మించును. ఆ నాటికి భూమండలము మీద నంత జనమే లేరు. అనగా ఒక్కరే పలు స్థానములలో మరల మరల నిలువవలెను. మన దేశమున నిది వింతయు గాదు. మేనత్త మేనమామల బిడ్డలు పెండ్లాడినచో వారి బిడ్డకు ముత్తాతలు ముత్తవలు ఎనమండ్రు కాక యార్గురే. మేనమామయే మేనకోడలిని బెండ్లాడినచో తండ్రికి దండ్రియైన తాత, తల్లి వైపున ముత్తాతయు నగును. ఇట్టి దానికి వృక్షమను పేరు చెల్లదు, ఇది వల. ఆ వలలో నొక్క దారమును బట్టుకొని — అదియు మగవాని దారమును — ఇదే మా వంశమని చెప్పుకొనుట, పెన్న యంతయు దన పొలము ప్రక్కనున్న కాలువ నుండియే పుట్టిన దనుట వంటిది.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున కుమారస్వామి తంగరాజుగారును, అమెరికాలో డేవిడ్ రైక్ గారును, వారి సహచరులును గలిసి 2009లోను 2013లోను బ్రకటించిన పరిశోధనలు ఇంతకన్న ముందు నడచినవి. నేడు భారతదేశమున నున్న జనసమూహములలో మిక్కిలి పెక్కు, రెండు ప్రాచీన జనముల కలయిక వలన నేర్పడినవనియు, ఆ కలయిక యిప్పటికి సుమారు 4,200 మొదలు 1,900 ఏండ్ల క్రిందటి వఱకు విరివిగ జరిగి, పిమ్మట కులములు లోలోపలనే వివాహములాడుటకు మొదలిడుటచే నిలిచిపోయినదనియు వారు తేల్చిరి. కలిసినదే ముందు, విడివడినది తరువాత. కులశుద్ధిని నిరూపించుకొనుటకై యుమ్మి పంపువారు ఈ సంగతి ముందుగ దెలిసికొన్న రుసుము మిగులును.

ఇక వంశములను వ్రాసినవారి సంగతి. నెల్లూరి సీమవారికి వంశవర్ణన మనగనే తిక్కన జ్ఞప్తికి వచ్చును. నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధి కంకితము చేయుచు నాతని వంశమును గవి వర్ణించెను. ఆ తెలుగు చోడులు కరికాలచోళుని సంతతివారమని చెప్పుకొనిరి. విజయనగరపు తుళువ రాజులు చంద్రవంశమున దుర్వసుని వఱకు బోయిరి. గద్దె యెక్కినవానికి సూర్యుడో చంద్రుడో దొరకక పోడు. దీనిని గవుల యబద్ధమని మేము నిందింపము, అది కావ్యమర్యాద. కాని కావ్యమర్యాదను దస్తావేజుగ జూపి గౌరవ మడుగునప్పుడే చిక్కు.

మా పొరుగున నున్న వేంకటగిరి ప్రభువుల చరిత్ర యిందుల కొక్క యపవాదమును జూపుచున్నది. వెలుగోటివారి వంశావళిని మద్రాసు విశ్వవిద్యాలయము 1939లో నేలటూరి వేంకటరమణయ్యగారి సంపాదకత్వమున బ్రకటించినది. ఆ కుటుంబమున బరంపరగ వచ్చు కథ యొకటి కలదు: మూలపురుషుడైన చెవిరెడ్డి పొలమున నిక్షేపము దొరకగా, దానికై యడుగబడిన బలిగ, నాతని సేవకుడు రేచడను మాలవాడు తన ప్రాణము నిచ్చెననియు, తన పేరు వారి గోత్రముగ నిలువవలెనని కోరెననియు, అందుచే వారు రేచర్ల గోత్రులైరనియు జెప్పుదురు. కథ జరిగినదా లేదా యన్నది మాకు బట్టదు. పెద్దయింటివా రొకరు తమ సంపద మొదట నెవని నెత్తుటినుండి వచ్చినదో చెప్పుకొని, యాతని పేరును దమ పేరుతో గట్టుకొన్నారు. ఇట్లు చెప్పుకొన్న వంశములు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. రేచని తండ్రి యెవరు, బిడ్డలేమైరి యన్నది మాత్ర మా కథయు జెప్పదు.

ఉపనిషత్తులో సత్యకాముని కథ యందఱెఱిగినదే. గోత్రమేదని గౌతము డడుగగా నాతడు తల్లి చెప్పినమాటయే చెప్పెను: యౌవనమున బలువురకు బరిచర్య చేయుచు నిన్ను గంటిని, నీ గోత్ర మెఱుగను, నా పేరు జబాల, నీవు సత్యకాముడవు, కావున జాబాలుడనని చెప్పుకొమ్ము అని. గురువు మరల ప్రశ్న వేయక సమిధలు తెమ్మనెను. ఈ కథను మనవారు సత్యవాక్యమునకు దృష్టాంతముగ జెప్పుదురు; అది నిజమే. కాని మఱియొకటి చూడుడు: వేదవాఙ్మయమున జేరిన యా బాలుని పేరు తల్లి పేరుతో జేరినది. గోత్రము లేని వాడు చరిత్రమున నిలిచెను. తల్లి మాట దాచియుండినచో నాతడెవరో మనకు దెలియకుండెడిది.

సామాన్య గృహస్థునకు వెదకుటకు సాధనములు లేకపోలేదు. ఇంటిపేరే యొక సాధనము. ఊరిపేర్లు ఇంటిపేర్లైన కుటుంబములు మనలో మెండు. చిల్లకూరిలోనే యున్నవానిని చిల్లకూరివాడని యెవరు పిలుతురు? ఊరు విడిచి పొరుగూరు చేరినప్పుడే పాతయూరు పేరుగ నంటుకొనును. ఊరిపేరు గల యింటిపేరు, పూర్వమెప్పుడో యెవడో వలస పోయినాడనుటకు సాక్ష్యము, స్థిరనివాసమునకు గాదు. అట్లే భట్రాజులు, రెడ్ల గోత్రములు చెప్పు పిచ్చుకగుంట్లవారు, మాదిగలకు జాంబపురాణము వినిపించు డక్కలివారు గలరు. వంశచరిత్ర పెద్దకులముల సొత్తను భ్రమ డక్కలివాని పట మొకమారు చూచిన దొలగును. ఇనాములు గలవారికి, 1858లో నేర్పడిన ఇనాము కమిషను వ్రాయించిన రిజిస్టరులు గలవు; మొదట నెవరికి దాన మీయబడినదో, నాటి యనుభవదారుడెవరో వానిలో నుండును. నెల్లూరు జిల్లా శాసనములను బటర్వర్తు, వేణుగోపాలచెట్టిగారలు 1905లో బ్రకటించిరి. మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులు సరేసరి. కరణపు టుద్యోగములు 1984 జనవరిలో రద్దైన పిమ్మట కవిలెలు, లెక్కలు కొన్నియూళ్లలో కచేరీకి జేరినవి, కొన్నియూళ్లలో జెదలకు జేరినవి. వెదకదలచినవారు త్వరపడవలెను.

ఇచట నొకటి గమనింపుడు. పై సాధనములన్నియు భూమి గలవారివి, దానము పొందినవారివి, గోత్రము చెప్పించుకొనుటకు గింజలు గలవారివి. భూమి లేనివాని పూర్వుల నెవరు వ్రాసిరి?

వ్రాసినవారు గలరు, కాని ప్రేమతో వ్రాయలేదు. 1860 నవంబరు 16న ట్రూరో యను నోడ మద్రాసునుండి కూలీలతో దర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వఱకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగ నేటాలునకు బోయిరి. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసునుండియే యోడ యెక్కిరి. 1903 మొదలు ఫిజీకిని మద్రాసునుండి యోడలు పోయినవి. మారిషసు సంగతి యంతకు ముందుదే. అచటి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నా వలసవారి పుస్తకములు భద్రముగ నున్నవి. ధాత సంవత్సరపు కఱవు, అనగా 1876 మొదలు 1878 వఱకు, మద్రాసు రాజధానిని బీల్చివేసిన కాలమున నెల్లూరి తీరము వెంబడి బకింగుహాము కాలువ పనిలో గొందఱు కూలిచేసి బ్రతికిరి, కొందఱు సముద్రము దాటిరి, ఎందఱో చచ్చిరి.

ఓడ యెక్కిన ప్రతి కూలికిని ఒక సంఖ్య. ఆ సంఖ్యకు బ్రక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము. కొన్ని పత్రములలో నెత్తు, మేనిమీది మచ్చయు. వ్రాసినవాడు తెలుగు తెలియని గుమాస్తా, విన్నట్లు వ్రాసినాడు. నూటికి నలుబదిమంది చొప్పున స్త్రీలను గూడ గొనిపోవలెనని నిబంధన యుండెను. కాబట్టి స్త్రీలకును పత్రములు గలవు. ఇది చూచినప్పుడు మా మనస్సు కలగినది. గోత్రప్రవరలు గల మన యిండ్లలో ముత్తవ పుట్టినయూరు తెలియదు. చెఱకుతోట కమ్ముడుపోయిన కూలిస్త్రీకి ఊరు, తండ్రి పేరు, చుబుకముమీది మచ్చతో గూడ నిలిచినవి. ప్రేమ మఱచినదానిని లాభాపేక్ష వ్రాసిపెట్టినది.

నేడా కూలీల ముదిమనుమలు అట్టి కాగితములు చేత బట్టుకొని మన జిల్లాలకు వచ్చుచున్నారు. 2024 మార్చిలో మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు మారిషసులో నుండి, ఆ దేశమునందలి భారత సంతతివారికి ఏడవ తరము వఱకు ప్రవాస భారతీయ పౌరసత్వపు బత్రము పొందు నర్హత గల్పించినట్లు ప్రకటించిరి. స్మృతికారులు పితృపక్షమున సాపిండ్యమును నిలిపిన సంఖ్యయు నేడే. దొరతనమువారు ధర్మశాస్త్రము చూచి నిర్ణయించిరని మే మనము; సంఖ్య కలిసినది.

వచ్చినవారికి మన మేమి చూపుదుము? నెల్లూరు జిల్లా, గూడూరు తాలూకా యని కాగితమున నుండును. తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. చిల్లకూరును, గూడూరును 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లాలో గలిపిరి. ఊరిపేరు గుమాస్తా చేతిలో విఱిగి యుండును. ఇవి తీర్పదగిన చిక్కులే. తీర్పరాని చిక్కొకటి గలదు: వచ్చినవాని నూరివారు మొట్టమొదట నడుగున దేమి? మీ వారే కులమని. ఓడపై నొకే తొట్టిలో దిన్నవారు, ఒకే బారకాసులో నిద్రించినవారు ఆ ప్రశ్నను సముద్రమున బారవైచి పోయిరి. కొందఱు కాగితమున వేఱొక కులము వ్రాయించుకొని పోయియుందురు. వారి సంతతి వెదకివచ్చినది మట్టిని, మాటను, ముఖమును. మన మిచ్చుట కాయత్తపఱచినది వాడయందు హద్దు. ఊరివారు కుశలప్రశ్నగ నడుగుదురే గాని చెడ్డతలంపుతో గాదని మా మిత్రు లందురు. చెడ్డతలంపు లేకుండనే యంత పని జరుగుచున్నందుననే మాకు భయము.

ఇంకొక పుస్తక మున్నది. దానిని దలచుకొన్న సిగ్గగును. మా తీరమున యానాదులు విస్తారముగ గలరు. చెఱువున జేపలు పట్టియు, వరిమళ్లలో నెలుకలు పట్టియు, మోతుబరుల పొలములు కాచియు బ్రతికినవారు. వారిలో గొందఱను నాటి ప్రభుత్వము నేరస్థజాతుల చట్టము క్రింద జేర్చి వ్రేలిముద్రలు తీసికొని పట్టికలకెక్కించినది. తండ్రి పేరు, కొడుకు పేరు, ఉనికి — అదియు వంశావళియే! పుట్టుకయే నేరమని చెప్పుటకు వ్రాసిన వంశావళి. ఆ చట్టము మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను రద్దైనది. యానాదుల సేవలో దీర్ఘకాలము గడపిన వెన్నెలకంటి రాఘవయ్యగారు దానికై పాటుపడిరి. శ్రీహరికోటను 1969లో రాకెట్ల ప్రయోగమున కెన్నుకొన్నపుడు అచటి యానాదులు తమ దీవి విడువవలసి వచ్చెను. వారి పూర్వులకు బటములు లేవు, శాసనములు లేవు. వారి పూర్వులకు వ్రాతసాక్ష్యము పోలీసు పుస్తకము.

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. వంశవృక్షము వ్రాయబూనిన గృహస్థు దేనిని వ్రాయవలెను? పుట్టినింటి పేర్లతో స్త్రీలను వ్రాయవలెనని వేఱుగ జెప్పనక్కఱ లేదు. దత్తుని దత్తుడనియే వ్రాయవలెను. మాఱుమనువాడిన వితంతువును వ్రాయవలెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించిన నాడు, దానితో సంబంధము గలవారిని బంధువులు వెలివేసిరి. అట్టి సంబంధము తమ వంశమున నున్నదని చెప్పుకొనుటకు నేడు మనుమలు ముచ్చటపడుదురు. నాడు కొట్టివేసిన పేరే నేడు పటమునకు శోభ. ఉంపుడుగత్తె బిడ్డల విషయమున మాత్రము తొందరపడరాదు. వారి సంతతి బ్రతికియున్నది. వారు వేఱొక పేరుతో, వేఱొక గౌరవముతో స్థిరపడియుందురు. మన సత్యవ్రతమునకై వారి శాంతిని ఖర్చుపెట్టుట కెవరధికార మిచ్చిరి? బ్రతికినవారి రహస్యము బ్రతికినవారిది. వారి ననుమతి యడిగి వ్రాయవలెను; కాదన్న మానవలెను.

కాని చనిపోయిన మన తాత యితరులకు జేసిన యన్యాయము మన రహస్యము కాదు. ఈ భేదము మనవారు సాధారణముగ దలక్రిందులు చేయుదురు: దిక్కులేనివాని గుట్టు వీథిలో బెట్టి, తాతగారి పాపమును బెట్టెలో బెట్టుదురు. పాత పెట్టెలలో వంశవృక్షముకంటె నప్పుపత్రములే తఱచుగ దొరకును. పుట్టి ధాన్యమునకో, పదిరూపాయలకో, పెండ్లి ఖర్చునకో అప్పు, అది తీరువఱకు తానును దన కొడుకును జీతము చేయుదుమని వ్రాత, క్రింద వ్రేలిముద్ర. 1843 నాటి చట్టము దాస్యమును న్యాయస్థానములు గుర్తింపగూడదన్నను ఇట్టి పత్రములు సాగినవి. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చి యట్టి యప్పుల నన్నిటిని గొట్టివేయువఱకు సాగినవి. చట్టము వచ్చిన దినముననే యవి నిలిచినవని యనుకొనువారు పల్లెల నెఱుగనివారు.

ఇట్టి పత్రములు దొరకినప్పుడు మన కుటుంబములలో జరుగునది రెండే. పిల్లలు చూతురేమో యని కాల్చివేయుట. లేక పాత స్టాంపుకాగితము ముచ్చటగా నున్నదని యద్దములో బిగించుట. రెండవది మొదటిదానికంటె నీచమని మా యభిప్రాయము. తాతల సొత్తులో బొలమును మనము పంచుకొంటిమి, అందు జ్ఞాతులతో వ్యాజ్యెములాడితిమి. తెలుగున దాయ యన్న మాటకు జ్ఞాతి యనియు శత్రువనియు రెండర్థము లూరక కలుగలేదు. పొలము వచ్చిన త్రోవనే యీ కాగితమును వచ్చినది; దీనికి మాత్రము వారసుల మెవరమును గామా?

ఆ కాగితమును దాచి, దాని ప్రతిని వ్రేలిముద్ర వేసినవాని సంతతి కీయవలెనని మే మందుము. ఇట్లన్నప్పుడు ఒక పెద్దమనిషి మాతో, మానిన పుండు రేపుట యేల, వారేమైన నష్టపరిహార మడిగిన నేమగునని యనెను. మానినదో లేదో పుండు గలవాడు చెప్పవలెను, కొట్టినవాని మనుమడు కాదు. వల దనిరేని వెనుకకు దెచ్చుకొనవచ్చును. అడిగి చూడవలెను గదా! ఆ పత్రమున ఋణదాత పేరుకు దరువాత ఋణస్థుని పేరు, అతని తండ్రి పేరు, తండ్రి యున్న యూరు వ్రాయబడి యుండును. ఆ యింటివారికి దమ ముత్తాత యెవరో తెలుపగల కాగితము లోకమున నది యొక్కటియే కావచ్చును. అది యిన్నాళ్లనుండి మన పెట్టెలో నున్నది.